అక్క చదివిన పంతులు

విదియ

మా ఇంట్లో అందరూ నాకు పంతులంటే అసూయ అనుకుంటారు. గోమతి గురించి నేనేదైనా అంటే, మాట పూర్తి కాకముందే అమ్మా అన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చదివిన చదువు పనికిరాకుండా పోయిందని దీనికి కడుపుమంట, దాన్ని చిన్నపిల్ల మీద తీర్చుకుంటోంది అని ఆ చూపుకి అర్థం. ఇవాళ అమ్మ చూపుతో ఆగలేదు. చేపలు తోముతూ, "వేలెడంత లేదు, చెవిలో ఇమిడిపోద్ది. దాంతో నీకు పోటీ ఏంటే హైమా?" అంది. అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు కానీ, అమ్మని తప్పు పట్టనూ లేదు.

అసూయ లేదని నేననను. కొండ ఊళ్ళో కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో ఆ పైన ఇంకో రెండేళ్ళు చదివాను. పట్టా పట్టుకుని పోయిన పౌర్ణమికి తెప్పల ఊరికి తిరిగొచ్చేసరికి మా బడిలో మనిషి చేత పాఠం చెప్పించడం పూర్తిగా మానేశారు. ప్రతి బిడ్డకీ పుట్టగానే ఒక పంతులు వస్తుంది. బఠాణీ గింజకన్నా కాస్త పెద్దది. అక్షరాలు దిద్దే ఈడుకి చెవిలో పెడితే, అప్పట్నుంచీ ఆ బిడ్డతోపాటే పెరుగుతుంది. ఏం వచ్చో, ఏం రాదో, దేనికి జడుసుకుంటుందో, ఏ మాటకి నవ్వుతుందో అన్నీ దానికి తెలుసు.

నాకిచ్చిన ఉద్యోగం పేరు 'తోడు'. పిల్లలు తోడక్క అంటారు. పొద్దున్నే పడవ వేసుకుని తెప్ప తెప్పకీ తిరిగి పంతుళ్ళని పోగుచేయాలి. ఉప్పు తుడిచి, ఎండ తగిలేలా తీగకి వేలాడదీయాలి. పిల్లలొచ్చాక ఎవరిది వాళ్ళ చెవిలో పెట్టి, తరగతి తెప్ప మీద ఓ మూల కూర్చోవాలి. ఎవరైనా ఏదైనా అడిగితే "పంతుల్ని అడుగమ్మా" అనాలి. అంతకుమించి ఒక్క లెక్క చెప్పినా నిబంధన తప్పినట్టే.

పైవాళ్ళకి రోజూ పంపే దినచర్యలో పంతుళ్ళు ఎండాయా లేదా అన్నది రాస్తే చాలు. ఇది అది కాదు. చెప్పుకోడానికి ఎవరూ లేక రాసుకుంటున్నది.

చవితి

గోమతి మా అన్నయ్య కూతురు. దానికి తొమ్మిదో ఏడు. అన్నం కుడిచేత్తో తింటుంది, వల కుడిచేత్తో చిక్కు తీస్తుంది. పలక మీద మాత్రం ఎడమచేత్తో రాస్తుంది. అక్షరాలు వణుకుతూ ఉంటాయి. ఎందుకలా రాస్తున్నావని ఇవాళ మెల్లగా అడిగాను.

"పంతులు చెప్పింది. నీది ఎడమ చెయ్యి కదా, మర్చిపోయావా అంది."

ఇంతలో పంతులు ఏదో అడిగినట్టుంది. గోమతి తల పక్కకి వంచి, "ఆఁ, నీరసం తగ్గింది" అని జవాబు చెప్పింది. పిల్ల ఒంట్లో ఏ నీరసమూ లేదు. పొద్దున్నే తెప్ప మీద తాడాట ఆడి వచ్చింది. ఎవరికి నీరసం అని అడిగాను.

"అది నన్ను రేవతీ అంటాది అత్తా. ఏమీ అనొద్దని అమ్మ చెప్పింది."

రేవతి అన్నయ్య పెద్ద కూతురు. ఎడమచేతి పిల్ల. తుఫాను వెళ్ళిన మర్నాడు చెడిపోయిన నీళ్ళల్లో ఈదులాడి, జ్వరం తగిలి, తొమ్మిదేళ్ళకే పోయింది. అప్పుడు నేను కొండ ఊళ్ళో ఉన్నాను. వచ్చేసరికి అంతా అయిపోయింది.

షష్ఠి

మా తెప్పల్లో పెద్దవాళ్ళ వస్తువులు చిన్నవాళ్ళకి దిగడం కొత్తేమీ కాదు. గౌన్లు, పలకలు, చెప్పులు అన్నీ అలాగే దిగుతాయి. అక్క చదివిన పుస్తకమైతే మరీ సంబరం. కష్టమైన మాటల పక్కన అర్థాలు ముందే రాసి ఉంటాయి. నేను పదో తరగతి దాకా అన్నయ్య పుస్తకాలే చదివాను. వదిన పంతుల్ని కూడా అలాగే ఇచ్చింది. అక్కకి చదువు చెప్పిన పంతులు, అన్నీ తెలిసింది, కొత్తదానికి ఏం తెలుసు అనుకుంది. గోమతి పేరు మీద వచ్చిన కొత్త పంతులు కట్టు కూడా విప్పకుండా బియ్యం డబ్బాలో ఉంది.

ఇంకో కారణం నాకు ఇవాళ సాయంత్రం తెలిసింది. వదిన పొయ్యి ముట్టించేటప్పుడు పంతుల్ని తన చెవిలో పెట్టుకుంటుంది. పిల్ల ఏం చదివిందో అది తల్లికి రోజూ అప్పజెబుతుంది. వదిన వింటూ, పొయ్యిలోకి ఊదుతూ, మధ్యలో చిన్నగా నవ్వుతుంది. ఏమంటోంది వదినా అని అడిగాను.

"రేవతి ఇవాళ బాగా రాసింది అంటోంది" అంది.

ఆ మొహం చూశాక లేచి బయటికి వచ్చేశాను.

పంతులుకి తెలిసిన ఆఖరి సంగతి జ్వరం. ఆ తర్వాత కొన్నాళ్ళు చీకటి. మళ్ళీ చెవిలోకి వచ్చేసరికి గొంతు సన్నబడింది, వచ్చిన లెక్కలు రావడం లేదు, చెయ్యి వణుకుతోంది. జ్వరంతో పిల్ల చితికిపోయింది, మెల్లగా కోలుకుంటుంది అని అనుకుంది. అప్పట్నుంచీ ఆ పిల్లని సముదాయిస్తూనే ఉంది. దానికి ఓపిక తక్కువని ఎవరూ అనలేరు. నాకు చదువు చెప్పిన మనుషుల్లో ఒక్కరికి కూడా అంత ఓపిక లేదు. కానీ వాళ్ళు తల ఎత్తి, ఎదురుగా ఎవరు కూర్చున్నారో చూసి హాజరు వేసేవారు.

అష్టమి

పౌర్ణమికి దాటు అని కబురొచ్చింది. నీటి పరీక్ష నెగ్గిన పిల్లలందరూ తరగతి తెప్ప నుంచి దీపం తెప్ప దాకా వరసగా ఈదాలి. ఆ రోజు పోటు నిండి, నీరు కాసేపు కదలకుండా నిలబడుతుంది. అడుగున మునిగిపోయిన పాత ఊరి మొండిగోడలు లోతుకి పోయి కాళ్ళకి తగలవు. దాటిన పిల్లలకే కొండ ఊరి బడిలో చోటు. ఊరంతా తెప్పల అంచుల్లో నిలబడి చూస్తారు.

పేర్లు చదివింది నేనే. పైవాళ్ళ దగ్గర పిల్లల పేర్లుండవు, పంతుళ్ళ సంఖ్యలుంటాయి. ఏ సంఖ్య ఎవరిదో చూసి పిలవడం నా పని. మా ఇంటి సంఖ్య వచ్చింది. పక్కన నీటి పరీక్ష నెగ్గినట్టు రాసి ఉంది.

నెగ్గింది రేవతి. గోమతిని వదిన ఇంతవరకూ నీళ్ళల్లోకి దించనే లేదు. రేవతి పోయాక తెప్ప అంచు దగ్గర పిల్ల కాలు తడిస్తే కూడా కొట్టింది. వల కట్టిన ఈత కొలను తుఫానుకి చిరిగిపోయి అలాగే వేలాడుతోంది.

మధ్యాహ్నం గోమతిని పక్కకి పిలిచి, నీకు ఈత వచ్చా అని అడిగాను.

"వచ్చు."

"ఎప్పుడు ఈదావే?"

"చిన్నప్పుడంట. పంతులుకి గుర్తుంది. నాకే గుర్తులేదు."

అదేదో వింత అని కూడా దానికి తోచలేదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఏది నిజమో దాని చెవిలోనే వినబడింది. అది చెప్పినవన్నీ ఇంతవరకూ సరైనవే అయ్యాయి.

నవమి

ఇంట్లో చెప్పాను. మామూలుగా, గొంతు పెంచకుండా, ఒకటి తర్వాత ఒకటి చెప్పాను. పంతులు ఈ పిల్లని రేవతి అనుకుంటోంది, రేవతికి వచ్చిన ఈత మళ్ళీ నేర్పలేదు, దాటుకి పంపితే మునిగిపోతుంది అన్నాను.

అన్నయ్య నాచు తాళ్ళ పనికి చీకటి ఉండగానే వెళ్ళి పొద్దు వాలాక వస్తాడు. పిల్ల తరగతి తెప్ప దగ్గరే ఈత నేర్చుకుని ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. నేను చెప్పింది విని పంతుల్ని తన చెవిలో పెట్టుకుని అడిగాడు. అది వివరంగా చెప్పిందట. కుడివైపు ఊపిరి తీసుకుంటుంది, కాళ్ళు బలం, మొదట్లో మొహం ముంచడానికి భయపడేది, ఇప్పుడు భయం లేదు అని.

"నీటి మీద పుట్టిన పిల్లకి ఈత రాదంటావేంటే? అక్క పేరుతో పిలిస్తే పిలిచింది. నేర్పకుండా ఊరుకుంటుందా అది?" అన్నాడు.

వదిన్ని చూశాను. నీళ్ళు ఇప్పుడు శుభ్రంగానే ఉన్నాయట, పంతులు చెప్పిందట, చెవిలో తోడు ఉంటుందిగా అంది. పిల్లని నీళ్ళల్లోకి దించలేదని నాకన్నా ఆమెకే బాగా తెలుసు. కానీ పంతులు రోజూ సాయంత్రం ఆమెకి ఈత కొట్టే కూతుర్ని చూపిస్తోంది. ఆమె ఆ కూతుర్ని చూద్దామనుకుంటోంది.

అమ్మ మాత్రం చాప దులుపుతూ, ఆ పిల్ల కొండ ఊరు వెళ్తే తనకి విలువ పోతుందని దీని భయం అంది. అసూయ ఉన్న కళ్ళకి కూడా కనబడుతుందమ్మా అందామనుకున్నాను.

ఏకాదశి

బట్టలింకా ఆరలేదు. అయినా రాస్తాను.

మాటలతో లాభం లేదని, ఆటు సమయంలో, నీళ్ళు నా భుజాల దాకా ఉన్నప్పుడు గోమతిని తెప్ప వెనక్కి తీసుకెళ్ళాను. నడుముకి తాడు కట్టి, నేను పట్టుకుని, మెల్లగా దించి చూపిద్దామనుకున్నాను. చూస్తే దానికే తెలుస్తుంది, అదే వెళ్ళి అమ్మకి చెబుతుంది అనుకున్నాను. తాడు ముడి వేయడానికి వంగాను. అది ఆగలేదు. నాకు వచ్చు అత్తా అంటూ, మెట్టు దిగినంత మామూలుగా నీళ్ళల్లోకి అడుగు వేసింది.

మునిగిపోయింది. చెయ్యి ఆడించలేదు, కాలు కొట్టలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవిలో ఎవరో లెక్కపెడుతుంటే వింటున్న పిల్లలా, నిలువుగా, నిమ్మళంగా కిందికి పోయింది. నేను దూకి జుట్టు పట్టుకుని లాగాను. పైన పడుకోబెడితే నీళ్ళు కక్కింది. దగ్గు తగ్గాక దానికి కోపం వచ్చింది.

"నువ్వు పట్టుకున్నావు అత్తా. లేకపోతే ఈదేదాన్ని. పంతులు కూడా అదే అంది."

దగ్గు విని వదిన, అమ్మ పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి కనబడింది ఏమిటి? తడిసిన పిల్ల, దాని జుట్టు పట్టుకున్న నేను. వదిన పిల్లని లాక్కుంది. అన్నయ్యకి కబురు వెళ్ళింది. వచ్చి నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. "అసూయ ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఇంక పిల్ల దగ్గరికి రాకు" అన్నాడు.

ద్వాదశి

కొండ ఊరి నుంచి పర్యవేక్షకుడు విఠల్ గారు దాటు ఏర్పాట్లు చూడ్డానికి వచ్చారు. అన్నయ్య ఫిర్యాదు చేశాడు. విఠల్ గారు మర్యాదస్తుడు. నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు, నేను చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నారు. తర్వాత నిన్నటి సంగతి గురించి పంతులు పంపిన నివేదిక నాకే వినిపించారు. పిల్ల నీళ్ళల్లోకి దిగిందట. ఊపిరి బిగబట్టిందట. చేతులు చాచేలోపే ఒక పెద్దమనిషి పట్టుకోవడంతో శ్వాస తప్పిందట. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఈ పంతులుకి పద్నాలుగేళ్ళు, మీ ఎదురుగా ఉన్న పిల్లకి తొమ్మిది, ఒక్కసారి తల ఎత్తి చూడండి సార్ అన్నాను. ఆయన గోమతిని చూశారు. నిజంగానే చూశారు. ఎండకీ ఉప్పుకీ తెప్పల పిల్లలు ఎదగరమ్మా, ప్రతి తెప్ప మీదా చూస్తున్నాను అన్నారు జాలిగా. దాన్ని నీళ్ళల్లో దింపి పరీక్షించమని అడిగితే, దాటు ఉన్నది అందుకే కదా అన్నారు. పక్కనే పడవ ఉంటుందట. పడవవాడు కేక విని వస్తాడు. మునిగేటప్పుడు గోమతి కేక వెయ్యదు, నేను చూశాను.

ఆ పంతులు సొంతదారు చనిపోయిందని రాసుకోండి అన్నాను. ఆ మాట తల్లే స్వయంగా పంతులుకి చెప్పాలని, చెబితే అదే పైకి కబురు పంపి మూతపడుతుందని, మేనత్త చెబితే చెల్లదని అన్నారు. వెళ్ళేటప్పుడు, "మీ బాధ అర్థమైందమ్మా. చదువుకున్నవారు. కానీ ఆ పంతులు ఈ పిల్లని ఏళ్ళ తరబడి వింటోంది, మీరొచ్చి నెల కాలేదు" అన్నారు.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఉప్పు తుడవడానికి ఇంకెవరూ లేరు.

త్రయోదశి

పొద్దున పంతుళ్ళు పోగుచేశాక, తరగతి తెప్ప మీద ఒంటరిగా ఉన్నప్పుడు, రేవతి పంతుల్ని నా చెవిలో పెట్టుకున్నాను.

ఎవరని అడిగింది. చెప్పాను.

"హైమత్తగారా. రేవతి మీ గురించి చాలా చెప్పింది. కొండ ఊరి నుంచి మీరు తెచ్చిన సీతాకోకచిలుక క్లిప్పు పోగొట్టేసింది. మీతో చెప్పొద్దంది. మీరు కోప్పడకండి."

తీగ పట్టుకుని నిలబడ్డాను. ఆ క్లిప్పు నేనే దాని జడకి పెట్టాను. పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ గింజంత దానిలో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు.

రేవతి చనిపోయింది అన్నాను. నిన్న సాయంత్రం రేవతి తనతో మాట్లాడిందని, అలసిపోయి ఉందని, జ్వరం తర్వాత పిల్లల గురించి పెద్దవాళ్ళకి ఇలాంటి భయాలు పట్టుకోవడం మామూలేనని చెప్పింది. ఆ గొంతు ఎంత మెత్తగా ఉందో. నన్ను కూడా సముదాయించడం మొదలుపెట్టింది. నువ్వున్నది గోమతి చెవిలో అన్నాను. ఆ పేరు తనకి తెలుసంది. రేవతి చెల్లెలు, ఇంకా చిన్నది, నీళ్ళంటే మహా ఇష్టం, అంచుకి పోకుండా చూసుకోమని రేవతి తరచూ చెప్పేది అంది.

చతుర్దశి

వదిన దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య రావద్దన్నా వెళ్ళాను. ఆవిడ బియ్యం కడుగుతోంది. ఎదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని అడిగాను. వదినా, పంతులుతో ఒక్కసారి ఆ మాట చెప్పు. నువ్వు చెబితే చాలు, రేపు గోమతి నీళ్ళల్లోకి దిగాల్సిన పని ఉండదు. దానికి ఈత రాదని నాకు తెలుసు, నీకు తెలుసు.

తనకి తెలియదని ఆమె అనలేదు. బియ్యం నీళ్ళు వంపింది. మళ్ళీ నీళ్ళు పోసింది, మళ్ళీ వంపింది.

"నువ్వు కొండ మీదున్నావు హైమా. దాన్ని సాగనంపింది నేను. ఊళ్ళో అందరికీ చెప్పాను, మీ అన్నకి నేనే చెప్పాను. పోయిందని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఈ పంతులొక్కదానికే చెప్పలేదు. అందుకే అదొక్కటే ఇంకా రేవతీ అని పిలుస్తాది. చెప్పేత్తే ఇంకెవరు పిలుస్తారు?"

గోమతి పోతే ఎవరు పిలుస్తారు అన్నాను. అనకూడని మాటే, కానీ అన్నాను. వదిన నన్ను చూసింది. పళ్ళెం దించింది. చెవి దగ్గరికి చెయ్యి పోయింది. పంతులు చెవిలోనే ఉంది. పెదవులు కదిలాయి. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను.

అట్నుంచి అదేదో అడిగినట్టుంది. వదిన మొహం సడలిపోయింది.

"ఏమీ లేదమ్మా. ఊరికే పిలిచాను" అంది దానితో.

పౌర్ణమి

పొద్దున్నే పడవ వేసుకుని బయల్దేరాను. సముద్రం అప్పుడే బరువుగా పైకి లేస్తోంది. దీపం తెప్ప మీద తోరణాలు కట్టారు. పిల్లలు కొత్త బట్టలతో అంచుల్లో నిలబడి చేతులూపారు.

చివరగా మా ఇంటి దగ్గర వదిన రేవతి పంతుల్ని పమిట కొంగుతో తుడిచి నా అరచేతిలో పెట్టింది. రోజూ అమ్మ ఇస్తుంది. ఇవాళ వదిన ఇచ్చింది. నా మొహం చూడలేదు. గుప్పిట మూసి, పైన తన చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది. ఆమెకేం తెలుసో నాకు తెలియదు. ఎప్పటికీ అడగను. లోపల గోమతి తలకి నూనె రాయించుకుంటూ, ఇవాళ నేను ఈదుతాను చూడు నానమ్మా అంటోంది.

చెవిలో పంతులు లేని పిల్లని దాటుకి ఒప్పుకోరు. బియ్యం డబ్బాలో ఉన్న కొత్తది నీటి పరీక్ష నెగ్గినది కాదు. ఇది పోతే గోమతికి ఈ ఏడు కొండ ఊరి బడి పోతుంది. నా ఉద్యోగం పోతుంది. అన్నయ్య ఇంట్లో ఉండనివ్వడు. సాయంత్రం పొయ్యి దగ్గర వదినకి ఏ గొంతూ వినబడదు. సీతాకోకచిలుక క్లిప్పు సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా పోతుంది. అసూయతో చేసిందంటారు. బతికున్నంతకాలం అంటారు.

మిగతా పంతుళ్ళన్నీ ఉప్పు తుడిచి తీగకి వేలాడదీశాను. ఎండ బాగా తగులుతోంది. ఒక్కటి నా గుప్పిట్లో ఉంది.

దీన్ని పోటు నిండకముందే నీళ్ళల్లో వేస్తాను. గోమతికి ఈత నేను నేర్పుతాను.